వరి కోతకు ముందు గింజ ముదురు, తేమ పరీక్ష: సమస్యలు - పరిష్కారాలు

సమస్య: చేను పండినట్లే కనిపించింది కాని, కోశాక పచ్చి గింజలు, తాలు ఎక్కువగా వచ్చాయి.

కారణం: వెన్నులో గింజలు కొస నుంచి అడుగుకు ముదురుతూ వస్తాయి, ఆలస్యంగా వచ్చిన పిలకల వెన్నులు ఇంకా వెనకబడి ఉంటాయి. గట్టు మీద నిలబడి చూసేవారికి ముదిరిన కొసలే కనిపిస్తాయి.

పరిష్కారం: చేను లోపలికి దిగి, నాలుగైదు చోట్ల వెన్నులు తుంచి అడుగు గింజలను పరిశీలించాలి. వాటిని గోటితో నొక్కినప్పుడు పాలు గాని మెత్తని పిండి గాని వస్తే ఆగాలి. నూటికి 80-85 గింజలు గడ్డి రంగుకు తిరిగి, అడుగు గింజలు గట్టిపడుతుంటే కోయవచ్చు. సగం వెన్నులు పూతకు వచ్చిన తేదీని రాసిపెట్టుకుంటే, సుమారు నెల తరువాత ఈ పరీక్ష మొదలుపెట్టవచ్చు.

సమస్య: ఒకే ధాన్యానికి తేమ మీటరు ఇంటి దగ్గర ఒక అంకె, కొనుగోలు కేంద్రంలో మరొక అంకె చూపుతోంది.

కారణం: తప్పు చాలాసార్లు మీటరుది కాదు, నమూనాది. మంచు ఆరకముందే తీసిన గింజ, ఎండలో కాలి వేడిగా ఉన్న గింజ, గడ్డిముక్కలు, తాలు కలిసిన గింజ, రాశి పైపొర నుంచి మాత్రమే తీసిన గింజ అసలు తేమను చూపవు. మీటరులో వరికి బదులు వేరే పంట ఎంపికై ఉన్నా అంకె మారిపోతుంది.

పరిష్కారం: మంచు పూర్తిగా ఆరిన తరువాత పలుచోట్ల నుంచి, రాశి అయితే అడుగు నుంచి కూడా, గింజలు తీసి కలిపి, తాలు తూర్పారబట్టి, నీడలో చల్లారనిచ్చి, కనీసం మూడుసార్లు కొలిచి సగటు తీసుకోవాలి. పంటితో కొరికి చూడటం అనుభవజ్ఞులకు ఉపయోగపడేదే అయినా, 17 శాతానికీ 19 శాతానికీ ఉన్న తేడాను పన్ను చెప్పలేదు. మద్దతు ధర కొనుగోళ్లలో పరిమితి మాత్రం 17 శాతమే. 22 శాతం తేమతో ఉన్న 100 కిలోల ధాన్యం 17 శాతానికి ఆరితే సుమారు 94 కిలోలవుతుంది కాబట్టి, తూకంలో ఆ తగ్గుదల నీటిదేనని రైతు ముందే లెక్క వేసుకోవాలి.

సమస్య: తేమ తక్కువే ఉంది కాని, మరబట్టిస్తే నూక ఎక్కువైంది.

కారణం: కోత ఆలస్యమై చేనులోనే బాగా ఎండిన గింజ, రాత్రి మంచును పీల్చుకుని లోపల పగుళ్లిస్తుంది. కల్లంలో ఆరబోసిన ధాన్యం రాత్రి తడిసినా ఇదే జరుగుతుంది.

పరిష్కారం: తేమ 20-24 శాతం ఉండగానే కోసి, పలుచగా పరిచి తరచుగా తిరగేస్తూ ఆరబెట్టి, సాయంత్రం పట్టాలు కప్పాలి.

సమస్య: కోతకు ముందు వాన పడి చేను ఒరిగింది, వెన్నుల మీదే గింజలు మొలకెత్తేలా ఉన్నాయి.

పరిష్కారం: ముందు నీటిని బయటికి తీసి, లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి వెన్నులు తడిసేలా పిచికారీ చేయాలి. తేమ పరీక్షకు ఒరిగిన చోటి గింజలను, నిలిచిన చోటి గింజలను వేరువేరుగా తీసి, కోసిన ధాన్యాన్ని కూడా విడివిడిగానే ఆరబెట్టాలి.