తెల్లవారుజామున మొరాయించే హీటర్

స్కాట్లాండ్‌లోని కెయిర్న్‌గార్మ్స్ కొండల్లో జనవరి చలి. క్యాంపర్ వ్యానులోని డీజిల్ హీటర్‌ను తెల్లవారుజామున వేస్తే కాసేపు ఫ్యాను తిరిగి, వోల్టేజి చాలదంటూ ఆగిపోయేది. మీటరు పెట్టి చూశాను. బ్యాటరీ దగ్గర 12.4 వోల్టులు, హీటర్ దగ్గర మాత్రం, సరిగ్గా రాజేసే సమయంలో, 10.8! డీజిల్‌ను అంటించే గ్లో ప్లగ్గు ఆ కొద్ది నిమిషాలూ 10 ఆంపియర్ల దాకా లాగుతుంది. హీటరుతో వచ్చిన తీగేమో దారప్పోగులా ఉంది. ఆ సన్నని తీగలోనే వోల్టేజి పడిపోతోందన్నమాట. దాన్ని పీకేసి, మందపాటి రాగి తీగను ఫ్యూజుతో సహా నేరుగా బ్యాటరీకి కలిపాను. మొదటిసారికే అంటుకుంది.

పొగగొట్టం వ్యాను బయటికే ఉన్నా, వాసన లేని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే అలారం తలగడ పక్కన ఉండాల్సిందే. వంట పొయ్యితో చలి కాచుకునే సాహసం వద్దే వద్దు. హీటర్‌ను ఇప్పుడు రాత్రంతా తక్కువ వేడిపైనే ఉంచి, మసి పేరుకోకుండా పొద్దున కాసేపు పూర్తి వేడిపై నడుపుతున్నాను.