ఖనిజాల లోపలి కట్టు – 6వ భాగం: కొలంబైట్‌లో టాంటలం ఎంతుందో తూకంతో చెప్పడం

పోయిన భాగంలో కళింగపట్నం ఇసుకలో ఉండే ఇల్మెనైట్ యూనిట్ సెల్ (స్ఫటికంలో మళ్ళీమళ్ళీ వచ్చే అతి చిన్న పెట్టె) చూశాం. ఈసారి గూడూరు వైపు మైకా గనుల పెగ్మటైట్లలో (పెద్ద పెద్ద స్ఫటికాలున్న రాళ్లలో) దొరికే కొలంబైట్. ఫార్ములాలో ఒక ఇనుము, రెండు నయోబియం, ఆరు ఆక్సిజన్. నయోబియం చోట్లలో కొన్నింట టాంటలం అనే లోహం ఉండొచ్చు.

ఆక్సిజన్లు పొరలు పొరలుగా, దగ్గరదగ్గరగా పేరుకుని ఉంటాయి. ఆరేసి ఆక్సిజన్ల మధ్య ఏర్పడే ఖాళీల్లో సగమే నిండుతాయి. నిండినవి అంచులు కలుపుకుని సి అక్షం (సెల్ మూడు అంచులు ఎ, బి, సి) వెంట వంకరటింకర గొలుసులవుతాయి. ఎ అక్షం వెంట చూస్తే వరస ఇలా ఉంటుంది: ఒక ఇనుము పొర, రెండు నయోబియం పొరలు, మళ్ళీ ఇనుము. ఎ అంత పొడవుండటానికి ఈ మూడు పొరల వరసే కారణం.

ఎ 14.27, బి 5.73, సి 5.06 ఆంగ్‌స్ట్రాంలు (ఒకటి సెంటీమీటరులో పది కోట్లో వంతు). మూడూ లంబంగా ఉంటాయి కాబట్టి గుణిస్తే ఘనపరిమాణం 413.7. సెల్‌లో నాలుగు ఫార్ములాలు, ఒక్కోదాని భారం 337.65, మొత్తం 1350.6. దీన్ని 1.6605తో (అణుభారాన్ని గ్రాములకు, ఘన ఆంగ్‌స్ట్రాంలను ఘన సెంటీమీటర్లకు మార్చే అంకె) గుణించి 413.7తో భాగిస్తే సాంద్రత ఘన సెంటీమీటరుకు 5.42 గ్రాములు.

ఇప్పుడు నయోబియం అంతా తీసి టాంటలం పెట్టండి. ఆరు ఆక్సిజన్ల మధ్య రెండింటి అయాన్ వ్యాసార్థమూ 0.64 ఆంగ్‌స్ట్రాంలే, అందుకని సెల్ దాదాపు కదలదు. భారం మాత్రం 513.7కి ఎగబాకుతుంది, సాంద్రత 8.25 అవుతుంది. ఈ పాఠానికి ప్రాణం ఇదే: సెల్ మారకుండా బరువే మారితే, తూకమే రసాయన విశ్లేషణ చేసి పెడుతుంది. 1809లో ఇంగ్లండు రసాయన శాస్త్రవేత్త వోలాస్టన్ కొలంబైట్, టాంటలైట్ (టాంటలం ఎక్కువున్న రకం) ఖనిజాల సాంద్రతల్లో అంత తేడా చూసి కూడా లోహం ఒకటే అన్నాడు. ఆ పొరపాటు సర్దుకోవడానికి దశాబ్దాలు పట్టింది.

తూకానికి బంగారం కొట్లో వాడే 0.01 గ్రాముల డిజిటల్ కాటా చాలు. ముందు పొడిరాయి తూచండి. తర్వాత కాచి చల్లార్చిన నీళ్ల గ్లాసు కాటా మీద పెట్టి సున్నా చేయండి. రాయిని సన్నని నైలాన్ దారంతో కట్టి, అడుగుకీ గోడకీ తగలకుండా నీళ్లలో వేలాడదీయండి. కాటా చూపే అంకె రాయి తోసిన నీటి బరువు. పొడి బరువు 12.46, వేలాడినప్పుడు 2.02 అయితే భాగహారం 6.17. 30 డిగ్రీల నీటికి 0.996తో గుణిస్తే 6.14. అందులోంచి 5.42 తీసి, మిగిలినదాన్ని 2.83తో (8.25, 5.42ల తేడా) భాగిస్తే సుమారు 0.25. అంటే సెల్‌లోని ఎనిమిది నయోబియం స్థానాల్లో రెండింట టాంటలం ఉంది.

రాయికి అంటుకున్న బుడగలు అంకెను పెంచి సాంద్రతను తగ్గిస్తాయి. నీళ్లలో ఒక్క చుక్క షాంపూ వేస్తే వదులుతాయి. పదో వంతు ఘనపరిమాణం క్వార్ట్జ్ అంటుకుని ఉంటే 5.42 కాస్తా 5.14 అయిపోతుంది, కాబట్టి తెల్లటి ముక్కలు ముందే రాల్చేయాలి. రాయి 0.3 ఘన సెంటీమీటర్ల కన్నా చిన్నదైతే కాటా ఒక్క గీత అటూఇటూ అయినా మూడు శాతం పైగా తప్పు వస్తుంది. మాంగనీసు పాలు ఎక్కువున్న కొలంబైట్‌కి 5.42 కాస్త ఎక్కువ, టాంటలం తక్కువగా కనిపిస్తుంది.

గరివిడి, చీపురుపల్లి వైపు దొరికే బరువైన నల్లరాయిని మాత్రం ఈ లెక్కలో పెట్టకండి. అది చాలావరకు మాంగనీసు ఖనిజం, పైరోలుసైట్ సాంద్రత 5 దాకా ఉంటుంది. మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేయండి: మాంగనీసు ఆక్సైడ్ మీద జివ్వున నురగ వస్తుంది, కొలంబైట్ మీద రాదు. కొలంబైట్‌లో కొద్దిగా యురేనియం ఉండొచ్చు. పొడి చేయకండి, పట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

అభ్యాసం: మాంగనీసు కొలంబైట్ భారం 336.75, అంచులు 14.43, 5.77, 5.08. జవాబు 5.29 రావాలి. 16 దరిదాపుల్లో వచ్చిందంటే మీరు ఎ బదులు దాని మూడో వంతు వాడారు. ఇనుము, నయోబియం వరస తప్పి కలగలిసిన ఇక్సియోలైట్‌కి నిజంగానే ఆ చిన్న సెల్ ఉంటుంది. దాన్ని ఎక్స్‌రే చిత్రంలో 12.4 డిగ్రీల గీత లేకపోవడంతో గుర్తుపట్టడం ఏడో భాగంలో.