గోమో కంపెనీ 130 ఏళ్ల కథని మన కాలవగట్టు ఊళ్లో ఒక్క సాయంత్రంలో చూపించడం ఎలా

పారిస్‌లో గోమో అని ఒక సినిమా కంపెనీ ఉంది. గౌమాంట్ అని చదివేవాళ్లూ ఉన్నారు, పట్టించుకోకండి. 1895 ఆగస్టులో లియోన్ గోమో అనే ఆయన పెట్టాడు, ఇప్పటికీ నడుస్తోంది, ప్రపంచంలో ఇంకా బతికున్న సినిమా కంపెనీల్లో అన్నిటికంటే పాతది ఇదే. అయితే "ఫ్రెంచి సినిమా కంపెనీ చరిత్ర చెప్తాం రండి" అని పోస్టర్ అంటిస్తే అమలాపురంలో గానీ భీమవరంలో గానీ పదిమంది కూడా రారు. "ఊపిరి సినిమా అసలు ఎవరిది?" అని అంటించండి, వస్తారు. నాగార్జున, కార్తి చేసిన 2016 ఊపిరికి మాతృక ఈ గోమో వాళ్లు 2011లో తీసిన సినిమానే, ఫ్రాన్సులో ఒక్కచోటే 1.94 కోట్ల టికెట్లు తెగాయి. జనం వచ్చి కూర్చున్నాక వెనక్కి 1895కి తీసుకెళ్లొచ్చు.

మీ ఊళ్లో ఒక ఫిల్మ్ క్లబ్బో, కాలేజీలో సినిమా పిచ్చి ఉన్న నలుగురు కుర్రాళ్లో ఉంటే చాలు. హాలు, ప్రొజెక్టర్, స్పీకరు, ఒక హార్మోనియం ఆయన. అంతే ఖర్చు.

చాలామంది చేసే పని ఏంటంటే ఆ ఏడు ఈ సినిమా, ఈ ఏడు ఆ సినిమా అని జాబితా చదివేస్తారు, వినేవాళ్లకి నిద్రొస్తుంది. అలా వద్దు. ఈ కంపెనీ ఎలా బతికిందో చెప్పండి. చేలో వరి, గట్టు మీద కొబ్బరి, పల్లపు మూల చేపల చెరువు పెట్టుకున్న రైతు లాంటిది గోమో వ్యవహారం. మొదట యంత్రాలు అమ్మింది, తర్వాత సినిమాలు తీసింది, ఆ తర్వాత హాళ్లు కట్టింది, ఒకటి మునిగినప్పుడు ఇంకోటి తేల్చింది, అన్నీ కలిసి మునిగిన రోజు కూడా ఒకటుంది. ఆ రోజు దగ్గరికి వచ్చేదాకా జనాన్ని కూర్చోబెట్టడమే మీ పని.

యంత్రాలతో మొదలుపెట్టండి. లియోన్ గోమోది అసలు కెమెరాలు, ఫొటో సామాన్లు అమ్మే వ్యాపారం, అందులో డబ్బు పెట్టినవాళ్లలో ఈఫిల్ టవర్ కట్టిన గుస్తావ్ ఈఫిల్ ఒకడు (ఈ ముక్క దగ్గర హాల్లో తప్పకుండా గుసగుస వస్తుంది, కాసేపు ఆగండి). సినిమా తీయాలని ఆయనకి లేదు, కెమెరా కొనేవాడికి అది ఏం చేస్తుందో చూపించడానికి చిన్న చిన్న కదిలే బొమ్మలు కావాలి, అంతవరకే. ఆ పని నేను చేస్తానని ముందుకొచ్చింది ఆయన ఆఫీసులో సెక్రటరీగా ఉన్న అలీస్ గీ. ఆఫీసు పని చెడకుండా చేసుకోమ్మా అన్నాడట. ఆవిడ 1896లో క్యాబేజీల్లోంచి పిల్లల్ని తీసే దేవకన్య బొమ్మ తీసింది, కథ చెప్పే సినిమాల్లో మొట్టమొదటివాటిలో దాన్ని లెక్కేస్తారు. ఇవాళ మనకి దొరికేది 1900లో ఆవిడే మళ్లీ తీసిందని చరిత్రకారుల మాట, కాబట్టి తెర మీద వేసేటప్పుడు ఆ సంగతి చెప్పి వేయండి, లేకపోతే వెనక వరసలో గూగుల్ చేసే కుర్రాడు లేచి చెప్తాడు. ఒక్క నిమిషం సినిమా. తర్వాత పదేళ్లపాటు కంపెనీ సినిమాలన్నీ ఆవిడ చేతిమీదుగానే నడిచాయి. 1907లో పెళ్లి చేసుకుని అమెరికా వెళ్లి 1910లో అక్కడ సొంత కంపెనీ పెట్టుకుంది.

అలీస్ గీ సినిమాల్లో జనానికి బాగా పట్టేది 1906 నాటి ఒక హాస్య బొమ్మ. అందులో మగాళ్లు ఇంట్లో కుట్టు పని చేస్తుంటారు, ఆడవాళ్లు బయట కూర్చుని మందు కొడుతూ మగాళ్ల వెంటపడుతుంటారు. ఏడెనిమిది నిమిషాలు. ముందు వరసల్లో ఆడవాళ్లని కూర్చోబెట్టండి, మిగతా సంగతి వాళ్లే చూసుకుంటారు.

ఇక్కడ ఒక్కసారి ఆగి మన సంగతి కలపాలి. గోమో 1902లోనే బొమ్మకి మాట కలిపే యంత్రం చూపించాడు, పేరు క్రోనోఫోన్. పాటని ముందు గ్రామఫోన్ ప్లేటు మీద రికార్డు చేసి, తర్వాత కెమెరా ముందు ఆ ప్లేటు తిప్పుతూ ఉంటే నటులు పెదాలు కదిపేవాళ్లు. ప్లేబ్యాక్ అంటే ఇదే కదా! అలీస్ గీ ఇలాంటివి వంద పైచిలుకు తీసింది, 1905లో ఆ షూటింగ్ ఎలా జరిగిందో తీసిన చిన్న బొమ్మ కూడా దొరుకుతుంది, హారన్లు, ప్లేట్లు అన్నీ కనిపిస్తాయి, తప్పక వేయండి. ఆ యంత్రానికే పెద్ద హాళ్ల కోసం శబ్దం పెంచి చేసింది క్రోనోమెగాఫోన్. మన బందరులో పుట్టిన రఘుపతి వెంకయ్య మద్రాసులో తన ఫొటో స్టూడియో తాకట్టు పెట్టి 1910 ప్రాంతంలో కొన్నది ఆ మెగాఫోన్ యంత్రాన్నే, 30,000 రూపాయలకి అని చెప్తారు. దాన్ని పట్టుకుని డేరా వేసుకుంటూ బర్మా, సిలోన్ దాకా తిరిగి, ఆ తర్వాత మద్రాసు మౌంట్ రోడ్డులో గెయిటీ థియేటర్ కట్టాడు. తెలుగు సినిమాకి పితామహుడు అని మనం దండ వేసే మనిషి మొదటి పెట్టుబడి పెట్టింది గోమో యంత్రం మీద అన్నమాట. ఈ ముక్క సాయంత్రం మొత్తానికి ఆయువుపట్టు, తొందరపడి దాటేయకండి, వెంకయ్య గారి ఫొటో, యంత్రం బొమ్మ పక్కపక్కన వేసి చూపించండి.

ఆ తర్వాత స్టూడియో. 1905లో పారిస్‌లో బ్యూత్ షోమో దగ్గర గాజు కప్పుతో పెద్ద స్టూడియో కట్టారు, కరెంటు దీపాలకంటే ఎండనే ఎక్కువ నమ్ముకున్న రోజులు. ఎమిల్ కోల్ 1908లో దాదాపు 700 గీతబొమ్మలు గీసి రెండు నిమిషాల కార్టూన్ తీసింది గోమో కోసమే, పిల్లలుంటే అది వేయండి.

అలీస్ వెళ్లాక ఆవిడ స్థానంలో దర్శకుడు లూయీ ఫేయాద్ వచ్చాడు. 1913లో ముసుగు దొంగ ఫాంతోమాస్ కథలు, 1915, 16ల్లో పది భాగాల వాంపైర్స్. పేరు చూసి రక్తం తాగే దెయ్యాలనుకోకండి, అది ఒక దొంగల ముఠా పేరు. యుద్ధం జరుగుతోంది, పారిస్ వీధులు ఖాళీ, ఆ ఖాళీ వీధుల్లోనే నల్ల బట్టలేసుకుని మ్యూసిదోరా అనే నటి మేడల మీద పాకుతుంటుంది. దొంగల్ని అంత గొప్పగా చూపిస్తారా అని పోలీసులు కొన్నాళ్లు ఆపించారు కూడా. మొత్తం ఏడు గంటలు ఉంటుంది, ఆవిడ పాత్ర వచ్చే మూడో భాగం ఒక్కటి తీసుకోండి చాలు.

మూగ సినిమాలకి హార్మోనియం ఎందుకన్నానంటే రెండు కారణాలు. మన చట్టంలో సినిమా విడుదలై 60 ఏళ్లు దాటితే హక్కులు తీరిపోతాయి, కాబట్టి ఈ పాత బొమ్మలకి మీ మీద ఎవరూ కేసు పెట్టరు, కానీ వాటికి ఈమధ్య కొత్తగా కట్టిన సంగీతానికి హక్కులు వేరే ఉంటాయి. అందుకని సౌండ్ ఆపేయండి. రెండోది, మన దగ్గర నాటక సమాజాల్లో పద్యాలకి వాయించే హార్మోనియం ఆయన ఎవరో ఒకరు తప్పకుండా ఉంటారు, ఆయనకి ముందురోజు సినిమా ఒకసారి చూపించండి, దొంగ వచ్చేటప్పుడు ఏం వాయించాలో మీరు చెప్పక్కర్లేదు. మధ్యలో వచ్చే రాతల్ని గట్టి గొంతున్న ఒకరు తెలుగులో చదవాలి. మూకీల రోజుల్లో మన హాళ్లలో పక్కన నిలబడి కథ చెప్పే మనిషి ఉండేవాడు కాబట్టి ఇదేం కొత్త పద్ధతి కాదు.

హాళ్ల సంగతి చెప్పడానికి ఒక్క ఫొటో చాలు. 1911లో పారిస్‌లోనే ప్లాస్ క్లిషీ దగ్గర గుర్రపు ఆటల హాలుని తీసుకుని 3,400 సీట్ల గోమో ప్యాలెస్ చేశారు, 1931లో తిరగగట్టి దాదాపు 6,000 సీట్లు చేశారు. 1973లో కూలగొట్టేశారు. మన ఊళ్లలో థియేటర్లు ఫంక్షన్ హాళ్లయిపోవడం చూసినవాళ్లకి దీనికి వివరణ అక్కర్లేదు.

ఇక మునిగిన రోజు. మాటల సినిమా వచ్చాక ఖర్చులు పెరిగాయి, 1930 ప్రాంతంలో ఇంకో రెండు కంపెనీలతో కలిపి పెద్ద సంస్థ చేశారు, లియోన్ గోమో తప్పుకున్నాడు, 1930ల మధ్యలో ఆ పెద్ద సంస్థ దివాలా తీసింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1936లో, మన రాజమండ్రిలో నిడమర్తి సూరయ్య గారి దుర్గా సినీటోన్ సంపూర్ణ రామాయణం తీసింది. అక్కడ కూలుతుంటే ఇక్కడ లేస్తోంది, అలా చెప్తే ఏళ్లు గుర్తుంటాయి.

కూలే ముందు ఆ సంస్థ ఒక దారుణం చేసింది. ఝాఁ వీగో అనే 29 ఏళ్ల కుర్రాడు లాతలాంత్ అని సినిమా తీశాడు. కాలవ మీద సరుకు పడవ నడిపేవాడు ఒక పల్లెటూరి పిల్లని పెళ్లి చేసుకుని, చర్చి నుంచి నేరుగా పడవలోకి తీసుకొచ్చేస్తాడు, ఆ పిల్లకి పారిస్ చూడాలని, అతనికి పడవ దాటి లోకం లేదు. మన డెల్టా వాళ్లకి ఇంతకంటే దగ్గరి ఫ్రెంచి సినిమా నాకు తెలిసి ఇంకోటి లేదు. కాటన్ దొర కాలవల మీద సరుకు పడవలు తిరిగిన సంగతి మన తాతలు చెప్పేవాళ్లు, లాకుల దగ్గర పడవ నీళ్లతోపాటు పైకి లేవడం చూసినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, వాళ్లని ప్రత్యేకంగా పిలవండి, ముందు వరసలో కుర్చీ వేయండి. ఆ సినిమా పంపిణీ గోమో చేతిలో పడింది. ఆడదని భయపడి 1934లో ఎడాపెడా కోసేసి, అప్పట్లో జనం నోట్లో నానుతున్న ఒక పాట ఇరికించి, ఆ పాట పేరే సినిమాకి పెట్టేశారు. అయినా ఆడలేదు. విడుదలైన కొద్ది వారాలకే వీగో జబ్బుతో చనిపోయాడు. 1990లో అదే గోమో పేరు మీద సినిమాని బాగుచేయించి విడుదల చేశారు. మీరు డౌన్‌లోడ్ చేసుకునేటప్పుడు గంటన్నర నిడివి ఉన్నదే తీసుకోండి, గంట పైన కొద్దిగా ఉంటే అది కోసిన కాపీ. మొత్తం వేయమనే నా సలహా, టైం చాలకపోతే దొంగల ముఠా భాగాన్ని పది నిమిషాలకి కోసేయండి. కోశారని కంపెనీని తిట్టి మీకు కోయమని చెప్తున్నాను, నిజమే, కానీ ఆ సాయంత్రం కరెంటు ఎన్ని గంటలకి పోతుందో నాకు తెలియదు.

కరెంటు మాటొచ్చింది కాబట్టి చెప్తున్నా, ప్రొజెక్టర్‌కి, స్పీకరుకి సరిపడా ఇన్వర్టర్ ఉన్న హాలే చూసుకోండి. నెట్‌లో నేరుగా నడుపుదామనుకోవద్దు, అన్నీ పెన్‌డ్రైవ్‌లో ఉండాలి, ఇంకో పెన్‌డ్రైవ్ జేబులో ఉండాలి. వానాకాలం ఆరుబయట పెట్టొద్దు. కోతల రోజులు, శుక్రవారం పెద్ద సినిమా విడుదల, ఐపీఎల్ ఫైనల్, ఈ మూడూ చూసుకుని తేదీ పెట్టండి. దుప్పటి కట్టేకంటే సున్నం వేసిన గోడ నయం, గాలికి హీరో మొహం ఊగదు.

దివాలా తర్వాత కథ గబగబా చెప్పేయొచ్చు. 1938లో కొత్త పేరుతో మళ్లీ నిలబడింది. 1970ల మధ్యలో నికోలా సేదూ చేతికి వచ్చింది, అప్పుడు ఫెలినీ, బెర్గ్‌మన్, వాయ్‌దా లాంటి పెద్ద దర్శకుల సినిమాల్లో డబ్బు పెట్టి పేరు తెచ్చుకుని నష్టపోయింది, ఆ పక్కనే తీసిన కామెడీలు కొంత కాపాడాయి. ల్యూక్ బెసాన్ తీసిన నికితా, లియోన్, ఫిఫ్త్ ఎలిమెంట్ సినిమాలు వీళ్లవే. ఆ పేర్లు చెప్పగానే కుర్రాళ్లు లేచి కూర్చుంటారు. 1993లో వచ్చిన విజిటర్స్ అనే కామెడీకి 1.37 కోట్ల టికెట్లు. ఆ తర్వాత టీవీ వైపు వెళ్లి హానిబాల్, నార్కోస్, 2021లో లూపాన్ అనే సీరీస్‌లు తీసింది. సేదూ కూతురు సిదోనీ దూమా ఇప్పుడు నడిపిస్తోంది. ఈ కొత్తవాటిలో ఏదీ హాల్లో వేయకండి, అనుమతి లేకుండా వేయడం తప్పు, ఇంటికెళ్లి ఓటీటీలో చూసుకోమని చెప్పండి.

చివర్లో ప్రశ్నలకి అరగంట ఉంచండి, రెండు ప్రశ్నలు ఖాయంగా వస్తాయి. పతే వాళ్లూ వీళ్లూ ఒకటేనా అని ఒకరు అడుగుతారు: కాదు, పతే ఒక ఏడాది తర్వాత, 1896లో పుట్టిన పోటీ కంపెనీ, కానీ 2001లో ఇద్దరూ థియేటర్లు కలిపేసుకున్నారు, 2017లో గోమో తన 34 శాతం వాటాని 38 కోట్ల యూరోలకి పతేకే అమ్మేసింది. అయితే ఇప్పుడు వీళ్లకి థియేటర్లు లేవా అని వెంటనే ఇంకొకరు అడుగుతారు. ఆ వాటా అమ్మకంతో హాళ్ల వ్యాపారం నుంచి బయటికొచ్చేశారు, సినిమాలు తీయడం, సీరీస్‌లు తీయడం, పాత సినిమాల హక్కులు అమ్ముకోవడం, వీటితో బతుకుతున్నారని చెప్పండి. ఇంతకీ ఊపిరి రీమేక్ హక్కులకి ఎంత ఇచ్చారని మూడో ఆయన అడిగితే మాత్రం టీ వచ్చిందని చెప్పి లైట్లు వేసేయండి.