ప్రోటీన్ డబ్బా కొనేముందు వేసుకోవలసిన లెక్క

తిరుపతిలో జిమ్‌లో చేరిన కుర్రవాడికి నెల తిరగకముందే ఎవరో ఒకరు ఒక డబ్బా పేరు చెబుతారు. చెప్పేది తరచుగా కసరత్తు నేర్పే కోచే అయివుంటాడు. ఆ డబ్బా అమ్మేది కూడా అదే జిమ్‌లో కావచ్చు. సలహా ఇచ్చేవారికే అమ్మకంలో వాటా ఉన్నప్పుడు ఆ సలహాను ప్రకటనగానే లెక్కించాలి. బాలాజీ కాలనీ వైపు అద్దె గదుల్లో ఉంటూ చదువుకునే విద్యార్థులు, కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షలకు తయారయ్యే యువకులు ఇంటి నుంచి వచ్చే డబ్బులో పెద్ద భాగాన్ని ఈ డబ్బాలకు పోయడం చూస్తే నాకు బాధ కలుగుతుంది. కొనడం, మానడం ఎవరి ఇష్టం వారిది. అయితే ఆ నిర్ణయానికి ముందు కాగితం, పెన్ను పెట్టుకుని ఒక లెక్క వేసుకోవాలి.

మొదట మీకు రోజుకు ఎంత ప్రోటీన్ అవసరమో తేల్చండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణం ప్రకారం ఆరోగ్యవంతులైన పెద్దవారికి కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాములు చాలు. బరువులెత్తేవారికి ఇంతకంటే ఎక్కువ కావాలన్నది నిజమే. అయితే కిలోకు 1.6 గ్రాములు దాటిన తరువాత ఎంత పెంచినా కండ పెరుగుదలలో అదనపు లాభం సగటున పెద్దగా కనిపించలేదని, అనేక పరిశోధనలను కలిపి చూసిన విశ్లేషణలు చెబుతున్నాయి. ఆ లెక్కన 60 కిలోల మనిషికి 96 గ్రాములు చాలు.

ఇప్పుడు నిన్న తిన్నదంతా రాయండి. మూడు గుడ్లలో సుమారు 18 గ్రాములు, అర లీటరు పాలలో 16, ఎముక లేని 150 గ్రాముల పచ్చి కోడిమాంసంలో 33, యాభై గ్రాముల చెనక్కాయ (వేరుశనగ) పప్పులో 12 గ్రాములు ఉంటాయి. అన్నం, పప్పు, రాగిసంకటి కలిపితే ఇంకో ఇరవై ఎలాగూ వస్తాయి. మొత్తం 99 అయింది, డబ్బా అవసరం రాలేదు. మాంసం, గుడ్లు ముట్టని ఇళ్లలో వాటి స్థానంలో యాభై గ్రాముల మీల్ మేకర్, వంద గ్రాముల పన్నీరు, యాభై గ్రాముల ఉలవలతో చేసిన గుగ్గిళ్లు తీసుకుంటే 55 గ్రాములు వస్తాయి కనుక అక్కడా లోటు పడదు. పాడికీ వేరుశనగకూ పేరున్న చిత్తూరు ప్రాంతంలో పుట్టినవారికి ఇవేవీ కొత్త తిండ్లు కావు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం వైద్యుణ్ని అడగకుండా ప్రోటీన్ పెంచకూడదు.

హాస్టల్ భోజనం వల్ల ఇంకా పాతిక గ్రాములు తక్కువ పడుతున్నాయనుకుందాం. అప్పుడు వే ప్రోటీన్ కొనడంలో తప్పులేదు. అది పాలు విరిచినప్పుడు మిగిలే తేట నుంచి తీసిన ఆహారమే తప్ప మందు కాదు. కాని డబ్బా ముందువైపు పెద్ద అక్షరాలను వదిలి, వెనుకవైపు పట్టిక చదవండి. ఒక స్కూప్ బరువెంత, అందులో ప్రోటీన్ ఎంత అన్నవి చూసి శాతం కట్టాలి. 33 గ్రాముల స్కూప్‌లో 24 గ్రాములుంటే 73 శాతం. రుచి కలిపిన వే కాన్సంట్రేట్‌కు అది సబబే. అదే బరువు పెంచడానికని అమ్మే మాస్ గెయినర్‌లో 100 గ్రాముల స్కూప్‌కు 15 గ్రాములే ఉంటే, మిగిలినదానిలో అధిక భాగం మాల్టోడెక్స్‌ట్రిన్ అనే చవక పిండిపదార్థమే అయివుంటుంది. తరువాత ధర. 2,400 రూపాయల డబ్బాలో 30 స్కూపులు, స్కూపుకు 24 గ్రాములు ఉన్నాయనుకుంటే గ్రాము ప్రోటీన్‌కు సుమారు మూడు రూపాయల ముప్పై మూడు పైసలు పడుతుంది. ఏడు రూపాయల గుడ్డులో గ్రాముకు రూపాయి పైచిలుకే అవుతుంది.

పట్టికలోని అంకెనైనా ఎందుకు అనుమానించాలో ఇక్కడ వివరంగా చెప్పాలి. ప్రయోగశాలలో సాధారణంగా ప్రోటీన్‌ను నేరుగా కొలవరు. నత్రజనిని కొలిచి, దానిని 6.25 వంటి ఒక గుణకంతో హెచ్చించి ప్రోటీన్‌గా రాస్తారు. కనుక నత్రజని ఉన్న చవక పదార్థం ఏది కలిపినా కాగితం మీద ప్రోటీన్ పెరుగుతుంది. 2008లో చైనాలో పసిపిల్లల పాలపొడిలో మెలమైన్ కలిపిన ఘోరం ఈ లొసుగును వాడుకునే జరిగింది. సప్లిమెంట్లలో ఇదే పనికి గ్లైసీన్, టారిన్ వంటివి వాడతారు. దీనిని అమైనో స్పైకింగ్ అంటారు. పట్టుకునే మార్గం రెండు చోట్ల ఉంది. కలిపిన పదార్థాల జాబితాలో ఆ పేర్లు విడిగా కనిపిస్తే ఆ డబ్బా పక్కన పెట్టండి. ప్రోటీన్‌ను కట్టే ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాల పట్టిక ఉంటే, వాటిలో ఒకటైన లూసిన్ చూడండి: నిజమైన వేలో ప్రోటీన్‌లో సుమారు పదో వంతు లూసినే కనుక 24 గ్రాములకు రెండున్నర గ్రాముల దరిదాపుల్లో ఉండాలి. ప్రొప్రైటరీ బ్లెండ్ అని రాసి విడివిడి పరిమాణాలు దాచిన సరుకును నేనైతే కొనవద్దనే చెబుతాను.

మిగతా డబ్బాల సంగతి ఇంత చెప్పవలసిన పని లేదు. బీసీఏఏ అంటే తిండి నుంచే అందవలసిన తొమ్మిది అత్యవసర అమైనో ఆమ్లాలలో మూడు మాత్రమే. ప్రోటీన్ సరిపడా తినేవారికి అవి ఆహారంలోనే అందుతాయి. గ్లూటమిన్ అనే మరో అమైనో ఆమ్లం కూడా అంతే. పురుష హార్మోనును పెంచుతామనే టెస్టోస్టిరోన్ బూస్టర్ల మీద ట్రిబ్యులస్ అని కనిపించేది మన చేలగట్ల మీద కాళ్లకు గుచ్చుకునే పల్లేరే. వ్యాయామం చేసే పురుషులపై జరిపిన పరీక్షలలో అది ఆ హార్మోనును పెంచలేదు, కండనూ పెంచలేదు. కొవ్వు కరిగిస్తామనే ఫ్యాట్ బర్నర్, కసరత్తుకు ముందు తాగే ప్రీ వర్కవుట్‌లలో ప్రధానంగా పనిచేసేది కెఫీన్. ఒక్క స్కూప్‌లోనే 200, 300 మిల్లీగ్రాములు ఉండేవి ఉన్నాయి. రోజంతటికీ కాఫీ, టీతో కలిపి 400 దాటకూడదు. తిరుపతి మే నెల ఎండలో 1600 మీటర్ల పరుగుకు ముందు దీనిని తాగి గుండెదడ తెచ్చుకోవడం ప్రమాదకరం. ఈ మిగతా డబ్బాలలో క్రియాటిన్ మోనోహైడ్రేట్ ఒక్కటే మినహాయింపు: రోజుకు 3 నుంచి 5 గ్రాములు తీసుకుంటే బలం కొంత పెరుగుతుందన్నది గట్టిగా రుజువైంది, ఖరీదైన రకాలు దానికంటే మేలని తేలలేదు. అది వాడుతున్నవారు రక్త పరీక్షకు వెళ్లినప్పుడు వైద్యునికి ఆ మాట తప్పక చెప్పాలి; ఎందుకంటే మూత్రపిండాలు బాగున్నా, వాటి పనితీరును చూపే క్రియాటినిన్ అంకె కొంత ఎక్కువగా కనిపించవచ్చు.

కొన్ని వారాల్లోనే కండ విపరీతంగా పెంచే డబ్బా ఎదురైతే సంతోషించవద్దు, భయపడండి. లేబుల్ మీద చెప్పకుండా అనబాలిక్ స్టెరాయిడ్లు (కండ పెంచే హార్మోన్ మందులు) కలిపిన సప్లిమెంట్లను అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పలుమార్లు బయటపెట్టింది. కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం కాలేయం దెబ్బతిన్నదనడానికి సూచనలు. వెంటనే మానివేసి ఆ డబ్బాతో సహా ఆసుపత్రికి వెళ్లండి. పోటీల్లో పాల్గొనే క్రీడాకారులైతే, తెలియక తిన్నామన్న మాట డోపింగ్ నిబంధనల ముందు నిలవదని గుర్తుంచుకోవాలి.

చివరగా కొనుగోలు. బిల్లు ఇవ్వని చోట కొనవద్దు. డబ్బా మీద కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్సు సంఖ్య, బ్యాచ్ సంఖ్య, విదేశీ సరుకైతే దిగుమతిదారుని పేరు, చిరునామా ఉండాలి. ఆ లైసెన్సు సంఖ్యను ఆ సంస్థ నడిపే ఫాస్కాస్ (FoSCoS) పోర్టల్‌లో కొట్టి, వచ్చిన సంస్థ పేరు డబ్బా మీది పేరుతో సరిపోతుందో లేదో దుకాణంలో ఉండగానే చూసుకోండి. అనుమానం వస్తే డబ్బాను పారవేయకుండా బిల్లుతో పాటు దాచి, జిల్లా ఆహార భద్రతా అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 2006 నాటి ఆహార భద్రత చట్టంలోని 40వ సెక్షన్ కొనుగోలుదారుకు కూడా రుసుము చెల్లించి సరుకును పరీక్ష చేయించుకునే హక్కు ఇచ్చింది. డబ్బు తిరిగి రాబట్టుకోవడానికి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.