సస్టైనబిలిటీ కేపీఐలు: ముందు మీటరు దగ్గరికి వెళ్లండి

2022-23 నుంచి సెబీ టాప్ 1000 లిస్టెడ్ కంపెనీలకు బీఆర్‌ఎస్‌ఆర్ రిపోర్టు (పర్యావరణం, సమాజం, పాలన విషయాల్లో కంపెనీ ఏం చేస్తోందో చెప్పేది) తప్పనిసరి చేసింది. మీ కంపెనీ లిస్టెడ్ కాకపోయినా, మీ సరుకు కొనే పెద్ద కంపెనీ కరెంటు ఎంత, నీళ్లు ఎంత, చెత్త ఎంత అంటూ ఓ ఎక్సెల్ షీటు పంపే ఉంటుంది. అది చూసి టెన్షన్ పడి నలభై కేపీఐలు, అంటే పనితీరు కొలిచే అంకెలు, పెట్టుకోవద్దు. ఐదారు చాలు, కానీ ప్రతి అంకె వెనకా ఒక బిల్లో మీటరో ఉండాలి.

కార్బన్ లెక్క అనుకున్నంత కష్టం కాదు. జనరేటరుకు, బాయిలరుకు మనం కాల్చేది స్కోప్ 1, కొన్న కరెంటు స్కోప్ 2. లీటరు డీజిల్‌కు సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్, గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోలు. అంటే నెలకు లక్ష యూనిట్లు వాడితే దాదాపు 70 టన్నులు. గ్రిడ్ అంకెను కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఎప్పటికప్పుడు సవరిస్తుంది, కాబట్టి ఏ ఏడాది అంకె వాడారో పక్కనే రాసుకోండి.

నీళ్ల దగ్గరే అసలు తిప్పలు. మా యూనిట్‌లో బోరు రిజిస్టరు తిరగేస్తే రీడింగు రోజూ సరిగ్గా 40 చొప్పున పెరుగుతోంది, ఆదివారాలు కూడా. వెళ్లి చూస్తే మీటరు అద్దం లోపల చెమ్మ పట్టి, ముల్లు ఎప్పుడో ఆగిపోయి ఉంది! ఆపరేటరును తిట్టి లాభం లేదు, మీటరు మార్చమని అతను అడిగినా ఎవరూ పట్టించుకోలేదు. ట్యాంకర్ల బిల్లులు కూడా ఇందులో కలపడం మర్చిపోవద్దు.

ఇక అందరూ బోల్తా పడేది వాడకాన్ని టర్నోవరుతో భాగించి చూపించే దగ్గర. నిరుడు 10,000 కిలోలీటర్ల నీళ్లు వాడి 100 కోట్ల టర్నోవరు చేశారనుకోండి, కోటికి 100. ఈసారి 10,500 వాడారు, ధరలు పెరగడంతో టర్నోవరు 120 కోట్లయింది, కోటికి 87.5. కాగితం మీద భేష్. కానీ రెండేళ్లూ తయారైంది 1,000 టన్నులే అయితే టన్నుకు 10 నుంచి 10.5కి పెరిగినట్టే కదా. అందుకే మొత్తం వాడకం, టన్నుకు వాడకం, రెండూ పక్కపక్కనే చూపించండి.

భద్రతకు ఎల్‌టీఐఎఫ్‌ఆర్ (పని ఆగేంత గాయాలు ఎంత తరచుగా అవుతున్నాయో చెప్పే రేటు) పెట్టుకోండి: పనికి రాలేనంత గాయాలైన ప్రమాదాల సంఖ్యను 10 లక్షలతో గుణించి, మొత్తం పని గంటలతో భాగించాలి. కాంట్రాక్టు కార్మికుల గంటలు, గాయాలు రెండూ అందులో ఉండాల్సిందే. వాళ్ల హాజరు హెచ్‌ఆర్ దగ్గర దొరక్కపోతే గేటు రిజిస్టరు తీయించండి.