ఆప్‌ఆంప్ ఆసిలేటర్: మొదట స్క్వేర్ వేవ్‌తో మొదలుపెట్టండి

సైన్ వేవ్ జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. ఈ స్క్వేర్ వేవ్ సర్క్యూట్‌లో జరిగేదంతా స్కోప్‌లో (వోల్టేజీని గ్రాఫ్‌గా చూపే పరికరంలో) కళ్లకు కడుతుంది.

రెండు 9 వోల్టుల బ్యాటరీలను సిరీస్‌లో కలపండి. మధ్య బిందువే గ్రౌండ్. టీఎల్072 ఒక ఆప్‌ఆంప్ చిప్, అంటే రెండు ఇన్‌పుట్‌ల తేడాను ఎన్నో రెట్లు పెంచేది. దాని 8వ పిన్ను బ్యాటరీల ప్లస్‌కి, 4వ పిన్ను మైనస్‌కి. 1వ పిన్ను అవుట్‌పుట్, 2 మైనస్ ఇన్‌పుట్, 3 ప్లస్ ఇన్‌పుట్. 1 నుంచి 3కి 10 కిలోఓమ్‌ల రెసిస్టర్, 3 నుంచి గ్రౌండ్‌కి 10 కిలోఓమ్‌లు, 1 నుంచి 2కి మరో 10 కిలోఓమ్‌లు. 2 నుంచి గ్రౌండ్‌కి 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్, అంటే 104 అని రాసి ఉండేది. దాని మీద వోల్టేజీ ప్లస్‌కీ మైనస్‌కీ మారుతుంటుంది, కాబట్టి ఎలక్ట్రోలైటిక్ (ప్లస్, మైనస్ కాళ్లు వేరుగా ఉండే రకం) పెట్టకూడదు.

ఇప్పుడు 1, 2 పిన్నుల వోల్టేజీలను స్కోప్‌లో ఒకేసారి చూడండి. కెపాసిటర్ వోల్టేజీ వంపు తిరుగుతూ ఎక్కి, అవుట్‌పుట్‌లో సగాన్ని దాటగానే అవుట్‌పుట్ ఠక్కున తిరగబడుతుంది. ఒక సైకిల్ కాలం సుమారు 2.2 × రెసిస్టర్ (1, 2 పిన్నుల మధ్య ఉన్నది) × కెపాసిటర్, ఇక్కడ 2.2 మిల్లీసెకన్లు, 455 హెర్ట్జ్. బ్యాటరీ కాస్త తగ్గినా ఫ్రీక్వెన్సీ దాదాపు మారదు, ఎందుకంటే మలుపు బిందువులూ (అవుట్‌పుట్ తిరగబడే వోల్టేజీలు) అదే నిష్పత్తిలో తగ్గుతాయి. 3 నుంచి గ్రౌండ్‌కి ఉన్నదాన్ని 4.7 కిలోఓమ్‌లు చేస్తే మలుపులు దగ్గరపడి 750 హెర్ట్జ్‌కి చేరుతుంది. ఈ ఒక్క మార్పు తప్పకుండా చేసి చూడండి.

అవుట్‌పుట్ ఒక వైపే అతుక్కుపోతే, ముందుగా 2, 3 పిన్నులు తారుమారయ్యాయేమో చూడండి. 741 అనే నెమ్మదైన ఆప్‌ఆంప్ వాడుతూ కెపాసిటర్‌ని 1 నానోఫారడ్‌కి తగ్గిస్తే స్క్వేర్ బదులు త్రిభుజం వస్తుంది: దాని అవుట్‌పుట్ మైక్రోసెకనుకు సుమారు 0.5 వోల్టుకు మించి మారజాలదు.