కొంగల్ని చూడబోతే నీళ్లు సాయంత్రం దాకా చల్లగా ఉండాలంటే

ఎండాకాలంలో పిల్లల్ని తీసుకుని హిందూపురం దగ్గర వీరాపురం కొంగల్ని చూడబోతే, పదకొండు గంటలకే సీసాలో నీళ్లు కాగిపోతాయి. ఆనక చల్లటి సీసాలు కొనడమే పని.

నలుగురికి లీటరు ప్లాస్టిక్ సీసాలు ఆరు చాలు. ముందురోజు రాత్రి నాలుగు సీసాల్లో పావు వంతు నీళ్లు పోసి, మూత గట్టిగా బిగించి, ఫ్రీజర్‌లో అడ్డంగా పడుకోబెట్టండి. పొద్దున బయల్దేరేటప్పుడు మిగతాది కుండనీళ్లతో నింపండి. అడ్డంగా గడ్డకట్టిన ఐసు మూతికి అడ్డురాదు, పొద్దున పోసిన నీళ్లు తాగడానికి వెంటనే వస్తాయి. రెండు సీసాలు మామూలు నీళ్లే, ముందు అవి తాగేయండి. ఐసు సీసాల్ని తడిపి పిండిన నూలు టవల్‌లో చుట్టి నీడలో, గాలి తగిలేచోట పెట్టాలి. గంటకోసారి టవల్ తడపాలి. మన అనంతపురం పొడిగాలికి ఇది బాగా పనిచేస్తుంది.

కారు డిక్కీలో మూసిపెడితే మాత్రం టవల్ ఆరదు, నీళ్లు చల్లబడవు. మబ్బుపట్టి ఉక్కపోసే రోజూ అంతే. నిండా నీళ్లు పోసి గడ్డకట్టిస్తే సీసా పగులుతుంది. మజ్జిగ అసలు ఫ్రీజర్‌లో పెట్టొద్దు, విరిగినట్టయి నీళ్లు వేరు తేలుతాయి.

కొంగలు గూళ్లు కట్టిన చింతచెట్ల కింద టవల్ విదిలించకండి, కేకలు వేయకండి. మధ్యాహ్నం తల్లికొంగ రెక్కలు చాపి పిల్లలకు నీడ పడుతుంది. అది బెదిరి లేచిపోతే పిల్లలు ఎండకు మాడతాయి.